పరమాణువు మీద నల్లజీడి గుర్తు

పూర్వం మన ఇళ్ళ నుంచి వుతుక్కు బట్టలు పట్టుకువెళ్ళేవారు ప్రతి బట్ట అంచునా నల్లజీడి రసంతో చిన్న గుర్తు పెట్టేవారు. ఒక ఇంటికి రెండు చుక్కలు, మరో ఇంటికి అడ్డగీత, ఇంకో ఇంటికి సున్నా. రేవులో వూరందరి బట్టలూ కలిసిపోయినా సాయంత్రానికి ఎవరి పంచె వాళ్ళింటికే వచ్చేది. ఆ గుర్తులో మూడు సుగుణాలు వున్నాయి. ఎన్ని వుతుకులు వుతికినా అది పోదు. బట్ట కట్టుకోవడానికి అడ్డం రాదు. కావాలని వెతికేవాడికి మాత్రమే కనిపిస్తుంది.

ఇలాంటి గుర్తునే పరమాణువు మీద పెట్టగలిగితే ఎలా వుంటుంది? కంటికి కనిపించదు సరిగదా, ఎంత గొప్ప సూక్ష్మదర్శినికి గూడా చటుక్కున దొరకని పరమాణువు! దాని అంచున చుక్క పెట్టడమెలా? పెట్టినా, ఆ చుక్కను చదవడమెలా? ఈ రెండు ప్రశ్నలకూ శాస్త్రజ్ఞులు సమాధానం కనుక్కుని చాలాకాలమైంది. చిత్రమేమిటంటే, ఒకప్పుడు మహాపండితుల ప్రయోగశాలల్లో మాత్రమే జరిగిన ఆ పని ఇవాళ డిగ్రీ చదివే కుర్రవాళ్ళ చేతుల్లోకి వచ్చింది.

నేను చాలా ఏళ్ళు డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పాను. ఆ చదువులో సేంద్రియ రసాయనం అనే భాగమంటే పిల్లలకు హడలు. దాన్నిండా బాణాలే. ఈ పరమాణువు ఇక్కడినుంచి లేచి అక్కడ కూర్చుంది, ఆ జంట విడిపోయి ఈ జంట కలిసింది అని నల్లబల్ల మీద వంకర బాణాలు గీసి చెబుతాం. పిల్లలు వాటిని ఎక్కాల్లాగా బట్టీపట్టి పరీక్షలో దింపేస్తారు. మార్కులు వస్తాయి, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. కాని ఒక ఏడు మా తరగతిలో ఒకమ్మాయి లేచి నిలబడి, “మాస్టారూ, ఆ బాణం అటే వెళ్ళిందని ఎవరు చూశారండీ?” అన్నది.

తరగతి అంతా నవ్వింది. నిజానికది నవ్వవలసిన ప్రశ్న కాదు. ఆ శాస్త్రమంతా ఆ ప్రశ్న మీదే నిలబడి వున్నది.

పూటకూళ్ళావిడ చేసిన వంట

గుర్తుపెట్టే కథ 1911 ప్రాంతంలో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో మొదలయింది. అక్కడ రూథర్‌ఫర్డు మహాశయుని ప్రయోగశాలలో హెవెషి అనే హంగేరీ యువకుడు పనిచేస్తూ వుండేవాడు. రేడియం డి అనే పదార్థాన్ని సీసంలోంచి విడదీయమని రూథర్‌ఫర్డు అతనికి పని అప్పగించాడు. ఎన్ని విధాల ప్రయత్నించినా అది సీసాన్ని వదలలేదు. వదలకపోవడానికి కారణం తరువాత తెలిసింది: రేడియం డి కూడా సీసమే! బరువులో మాత్రమే తేడా, దానితోపాటు కొంచెం రేడియో ధార్మిక శక్తి. గుణగణాల్లో ఒకటే అయి బరువులో తేడాపడే ఇలాంటి తోబుట్టువులకు 1913లో సోడీ అనే శాస్త్రజ్ఞుడు ‘ఐసోటోపులు’ అని పేరు పెట్టాడు.

విడదీయలేకపోయిన హెవెషి తలపట్టుకు కూర్చోలేదు. విడిపోకపోతే అంతకన్న మంచిది గదా! మామూలు సీసంలో కొంచెం రేడియం డి కలిపితే, సీసం ఎక్కడికి వెళితే అదీ అక్కడికే వెళుతుంది; వెళ్ళినచోట తన వునికి చాటుతుంది. సీసానికి నల్లజీడి గుర్తు దొరికిందన్నమాట. 1913లో పానెత్ అనే మరో శాస్త్రజ్ఞుడితో కలిసి అతను ఆ విద్యకు శ్రీకారం చుట్టాడు. 1943వ సంవత్సరపు నోబెల్ బహుమతి అతనికి వచ్చింది ఇందుకే.

ఆ రోజుల్లో అతను బస చేసిన ఇంటి పూటకూళ్ళావిడ మిగిలిన కూరల్నే మర్నాడు రూపుమార్చి వడ్డిస్తున్నదని అతనికి అనుమానం వచ్చిందట. ఆమె మాత్రం రోజూ తాజా వంటేనని దబాయించేదట. ఒకనాడు విస్తట్లో మిగిలినదానిలో రవ్వంత రేడియో ధార్మిక పదార్థం కలిపి వదిలాడట. కొన్ని రోజులకు వడ్డించిన వంటకం దగ్గర పరికరం పెట్టి చూస్తే గుట్టు కాస్తా బయటపడిందట! ఈ కథ రసాయనశాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకుంటారు.

కిరణాలు లేని గుర్తు

కాని రేడియో ధార్మిక పదార్థాలు కాలేజీ పిల్లల చేతికి ఇచ్చేవి కావు. వాటిని దాచడానికీ, పారవెయ్యడానికీ సవాలక్ష నియమాలు. పిల్లలకు కావలసింది ఏ కిరణమూ వెలువరించకుండా, వూరికే బరువు మాత్రం ఎక్కువగా వుండే గుర్తు. ప్రకృతి దాన్ని సిద్ధంగానే వుంచింది.

ఉదజని పరమాణువు బరువు 1. 1931లో అమెరికాలో హెరాల్డ్ యూరీ అనే శాస్త్రజ్ఞుడు 2 బరువున్న ఉదజనిని కనిపెట్టాడు. దాని పేరు డ్యుటీరియం; 1934లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది అదే. మీరు తాగే మంచినీళ్ళలో గూడా ఇది వున్నది. సుమారు 6,400 ఉదజని పరమాణువులకు ఒకటి చొప్పున ఈ బరువైన తోబుట్టువు కలిసి వుంటుంది. బొగ్గు పరమాణువులు 12 బరువువి. వాటిలో నూటికి ఒకటి 13 బరువుది. ప్రాణవాయువులో 16 బరువు పరమాణువులే అధికం. సుమారు 500కు ఒకటి 18 బరువుది. వీటిలో దేనికీ రేడియో ధార్మిక శక్తి లేదు. పుట్టిన దగ్గరనుంచీ మనం వాటిని తింటూ, తాగుతూ, పీలుస్తూనే వున్నాం.

యూరీ గారు అక్కడితో ఆగలేదు. ఒక ఆమ్లమూ ఒక ఆల్కహాలూ కలిస్తే ‘ఎస్టరు’ పుడుతుంది. అరటిపండు, పైనాపిలు వాసనలు చాలావరకు ఈ ఎస్టరుల చలవే. ఆ కలయికలో ఒక నీటి అణువు విడివడి బయటికి పోతుంది. ఇక్కడ చిన్న తగవు వున్నది. ఆమ్లంలోనూ ప్రాణవాయువు వున్నది, ఆల్కహాలులోనూ వున్నది. నీళ్ళతో పోయింది ఎవరి ప్రాణవాయువు? 1938లో యూరీ, ఆయన సహచరుడు రాబర్ట్స్ ఆల్కహాలులోని ప్రాణవాయువుకు 18 బరువు గుర్తు ఇచ్చి, దాన్ని బెంజోయిక్ ఆమ్లంతో కలిపారు. వచ్చిన నీళ్ళను పరీక్షిస్తే వాటిలో గుర్తు లేదు. గుర్తంతా ఎస్టరులోనే వున్నది. అంటే నీళ్ళతో వెళ్ళిపోయింది ఆమ్లం తాలూకు ప్రాణవాయువే. ఇవాళ మన పిల్లలు పరీక్షలో గీసే ఆ వంకర బాణం వెనక ఇంత పంచాయితీ నడిచింది!

అణువులను తూర్పారబట్టే యంత్రం

గుర్తు పెట్టడం సరే, చదవడమెలా? దానికి మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రం వున్నది. పేరు చూసి భయపడనక్కరలేదు. కళ్ళంలో రైతు చేటతో ధాన్యం ఎత్తి గాలికి వదిలినప్పుడు గట్టిగింజ దగ్గర పడుతుంది, తాలు దూరంగా పోతుంది. యంత్రం చేసేదీ అదే. పదార్థాన్ని ఆవిరిచేసి, గాలి తీసేసిన గొట్టంలోకి వదిలి, ఎలక్ట్రానులతో కొడతారు. దెబ్బతిన్న అణువుకు విద్యుదావేశం వస్తుంది. అప్పుడు దాన్ని అయస్కాంతం మధ్యగా పరిగెత్తిస్తే తేలికది ఎక్కువగా వంగుతుంది, బరువైనది తక్కువగా వంగుతుంది. ఎవరెవరు ఎక్కడ పడ్డారో చూస్తే బరువు తెలిసిపోతుంది. 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ అనే ఆయన ఈ పద్ధతిని సాధించి 1922లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఇప్పటి యంత్రాలు కొన్ని బల్లమీద ఇమిడిపోయేటంత చిన్నవి. వాటిలో అయస్కాంతానికి బదులు నాలుగు లోహపు కడ్డీల మధ్య విద్యుత్తు మార్చి వడపోస్తారు.

ఈ యంత్రంలో మరో విశేషం వున్నది. దెబ్బకు కొన్ని అణువులు విరిగి ముక్కలవుతాయి. ముక్కల బరువులు గూడా కాగితం మీద గీతలుగా పడతాయి. మొత్తం బరువు చూస్తే గుర్తు వున్నదో లేదో తెలుస్తుంది. ముక్కల బరువు చూస్తే ఆ గుర్తు ఎక్కడ వున్నదో తెలుస్తుంది.

ఒకే బరువు, రెండు సీసాలు

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పి లాభం లేదనిపించి, ఆ తరగతి పిల్లలచేత రెండు ప్రయోగాలు చేయించాను. అందుకు ఎన్నుకున్న పదార్థం ఎసిటోఫినోన్. పూలవాసన కొట్టే ద్రవం; అత్తరు తయారీలో వాడతారు. బాగా చలిపడితే గడ్డకట్టుకుంటుంది. దాని అణువులో 8 బొగ్గు పరమాణువులు, 8 ఉదజనులు, ఒక ప్రాణవాయువు. లెక్క మీరే కట్టవచ్చు: ఎనిమిది పన్నెండ్లు 96, దానికి 8, ఆ పైన 16 కలిపితే 120. ఆ ఎనిమిది ఉదజనుల్లో అయిదు ఒక వలయం చుట్టూ గట్టిగా కూర్చుని వుంటాయి. మూడు మాత్రం చివర తోకలో వుంటాయి. నడుమ ప్రాణవాయువును మోసే బొగ్గు పరమాణువు.

తోకలోని మూడు ఉదజనులకూ కుదురులేదనీ, క్షారం తగిలితే లేచి వెళ్ళి మళ్ళీ వస్తుంటాయనీ పుస్తకం చెబుతుంది. దాన్ని పరీక్షించడానికి మొదటి జట్టువారు ఎసిటోఫినోనును భారజలంతో, చిటికెడు క్షారంతో కలిపి వేడిచేశారు. భారజలమంటే ఉదజనులన్నీ 2 బరువువైన నీళ్ళు. తోకలోంచి లేచి వెళ్ళిన ఉదజని తిరిగి వచ్చేసరికి దాని పీట మీద డ్యుటీరియం కూర్చుంటుంది. మొదటిసారి ఒక్కో అణువులో ఒకటి, రెండు, మూడు చొప్పున రకరకాలుగా మారాయి. విడివడిన మామూలు ఉదజని భారజలాన్ని పలచన చేసింది మరి! బియ్యం రెండు మూడు నీళ్ళు కడిగినట్టు, పాత భారజలం తీసేసి కొత్తది పోసి మళ్ళీ వేడిచేస్తే ఎక్కువ భాగం మూడూ మారినవే అయినాయి. 120కి మూడు కలిపితే 123.

రెండో జట్టువారి ప్రయోగం వేరు. బోరోహైడ్రైడు అనే పదార్థం ఎసిటోఫినోనుకు ఒక ఉదజనిని తెచ్చి ఇస్తుంది. ఆ వచ్చిన ఉదజని నడుమనున్న బొగ్గు పరమాణువు మీదే వాలుతుందని పుస్తకం మాట. వీరు మామూలు బోరోహైడ్రైడు బదులు డ్యుటీరియం నింపినదాన్ని వాడారు. చర్య ముగిశాక ఎసిటోఫినోన్ ఆల్కహాలుగా మారింది. మామూలుగా దాని బరువు 122. గుర్తు పడింది గనుక ఇప్పుడు 123.

అక్కడ వచ్చింది చిక్కు. మా కాలేజీలో ఆ యంత్రం లేదు. సీసాలను మంచుపెట్టెలో పెట్టుకుని పిల్లలూ నేనూ రైల్లో విశ్వవిద్యాలయానికి ప్రయాణమయ్యాం. మే నెల ఎండ. దిగేసరికి మంచు కరిగి, సీసాలమీది కాగితపు చీటీలన్నీ వూడిపోయి నీళ్ళలో తేలుతున్నాయి. రెండు సీసాలు, ఏది ఎవరిదో తెలియదు. వాసన చూద్దామంటే రెండూ పూలవాసనే. ప్రమాణం చేసి చెప్పగల ముక్కు ఎవరికీ లేదు. బరువు చూద్దామంటే రెండూ 123! రెండు నెలల శ్రమ పోయినట్టేనని ఒక కుర్రవాడు దిగులుగా కూలబడ్డాడు.

యంత్రం దగ్గరి ఆయన రెండు సీసాల్లోంచీ చుక్కలు తీసి ఎక్కించాడు. కాగితాలు వచ్చాయి. రెండింటిలోనూ 123 దగ్గర గీత. అక్కడే ఆ అమ్మాయి ముక్కల సంగతి ఎత్తింది. ఈ రెండు అణువులూ విరిగేటప్పుడు తోక తెగిపోవడం పరిపాటి. మొదటి కాగితంలో అన్నిటికన్న పెద్ద గీత 105 దగ్గర వున్నది. 123లోంచి 105 తీసేస్తే 18. మామూలు తోక బరువు 15: ఒక బొగ్గు, మూడు ఉదజనులు. 18 తూగిందంటే ఆ తోకలో మూడు డ్యుటీరియాలూ వున్నాయన్నమాట. గుర్తులన్నీ తోకతోనే పోయాయి. మిగిలిన 105లో ఒక్కటీ లేదు. వలయంలోని అయిదు ఉదజనులూ కదలలేదు. ఇది మొదటి జట్టువారి సీసా.

రెండో కాగితంలో పెద్ద గీత 108 దగ్గర. 123లోంచి 108 తీసేస్తే 15. తెగిన తోక మామూలుదే. గుర్తు మిగిలిన ముక్కలోనే నిలిచింది. గుర్తులేని మామూలు ఆల్కహాలులో ఈ ముక్క 107 తూగుతుంది. అయితే గుర్తు బొగ్గు మీద వున్నదా, ప్రాణవాయువు మీద వున్నదా? ప్రాణవాయువు మీద వుంటే మామూలు నీళ్ళతో కడగగానే పోయేది. వీరు కడిగి మరీ తెచ్చారు, అయినా పోలేదు. గుర్తు బొగ్గు మీదే వున్నది.

పైన అంటించిన చీటీలు నీళ్ళకు వూడిపోయాయి. లోపల పెట్టిన గుర్తులు మాత్రం చెక్కు చెదరలేదు. కూలబడిన కుర్రవాడు లేచి కాగితం లాక్కుని మళ్ళీ తనే లెక్క కట్టుకున్నాడు. ఆ తీసివేత రెండో తరగతి పిల్లవాడు గూడా చెయ్యగలడు. కాని పుస్తకంలోని బాణం నిజమని ఆ కుర్రవాడు ఎవరి మాటా నమ్మకుండా తెలుసుకున్నది ఆ తీసివేతతోనే.

ఇందులో ఒక జాగ్రత్త గూడా నేర్చుకున్నారు. మామూలు ఎసిటోఫినోను కాగితంలో గూడా 120 గీత పక్కన 121 దగ్గర చిన్న గీత పడుతుంది. పెద్దది 100 అయితే ఇది సుమారు 9. అది డ్యుటీరియం కాదు, ప్రకృతిలోనే కలిసివున్న 13 బరువు బొగ్గు. ముందుగా మామూలు పదార్థాన్ని చూసుకోకుండా గుర్తున్నదాన్ని చూసి గంతులు వెయ్యకూడదు.

గోదావరి నీళ్ళు

ఇంత సరంజామాకు ఖర్చెంతవుతుందని పెద్దలు అడగవచ్చు. యంత్రం ఖరీదైనదే, అన్ని కాలేజీలూ కొనలేవు. కాని నాలుగు కాలేజీలకు ఒకటి వున్నా పని జరుగుతుంది, ఎందుకంటే దానికి కావలసింది ఒక్క చుక్క. గుర్తు పెట్టే పదార్థమూ కొంచెమే చాలు. భారజలం మనకు పరాయి సరుకు గూడా కాదు. తెలంగాణలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వాపురం దగ్గర గోదావరి నీళ్ళనుంచి భారజలం తీసే మణుగూరు కర్మాగారం 1991లో పని ప్రారంభించింది. అణువిద్యుత్తు కోసం పెట్టినదది. అక్కడ నీళ్ళనూ హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువునూ ఎదురెదురుగా నడిపిస్తారు. చల్లగా వున్నచోట డ్యుటీరియం వాయువులోంచి నీళ్ళలోకి వస్తుంది. వేడిగా వున్నచోట నీళ్ళలోంచి వాయువులోకి పోతుంది. ఆ తేడాను పట్టుకుని అంచెలంచెలుగా చిక్కబరుస్తారు. ఉదజనులు పీటలు మార్చుకోవడమే అక్కడా కీలకం. మా పిల్లలు గాజుగొట్టంలో చేసిన పనికి అది పెద్దన్న.

ఇంటికి పనికివచ్చే విద్య

ఇదంతా పరీక్షల చదువేనా, ఇళ్ళకేమైనా వుపకరిస్తుందా అంటారా? కడుపులో పుండ్లకు కారణమయ్యే ఒక సూక్ష్మజీవి వున్నదని కనిపెట్టినవారికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. అది వున్నదో లేదో తెలుసుకోవడానికి గొట్టం మింగనక్కరలేని పరీక్ష ఒకటున్నది. 13 బరువు బొగ్గుతో చేసిన యూరియాను రోగిచేత తాగిస్తారు. ఆ సూక్ష్మజీవి లోపల వుంటే యూరియాను విరగ్గొడుతుంది. గుర్తున్న బొగ్గు శ్వాసలో బొగ్గుపులుసు గాలిగా బయటికి వస్తుంది. తాగకముందు వదిలిన శ్వాసనూ, తాగిన తరువాతి శ్వాసనూ పోల్చితే సంగతి తేలిపోతుంది.

పుట్టిన పసివాళ్ళ మడమనుంచి నెత్తురు చుక్క తీసి కాగితం మీద అద్ది పరీక్షించడం మీరు వినే వుంటారు. కొందరు శిశువుల శరీరానికి ఫినైల్ అలనైన్ అనే ఆమ్లాన్ని ఖర్చు చేసుకునే శక్తి వుండదు. సకాలంలో కనిపెట్టి ఆహారం మార్చకపోతే మెదడు దెబ్బతింటుంది. ఆ చుక్కలో ఆ ఆమ్లం ఎంత వున్నదో లెక్కించడానికీ ఈ గుర్తు విద్యే ఆధారం. కుండలో చింతపిక్కలు ఎన్ని వున్నాయో తెలియదనుకోండి. సున్నం బొట్టు పెట్టిన పిక్కలు నూరు కలిపి, కుండ కుదిపి, గుప్పెడు తీయండి. పదింటికి ఒకటి బొట్టుది వచ్చిందంటే, అన్నీ కలిసి సుమారు వెయ్యి. మొదటినుంచి వున్నవి 900. నెత్తురులో గుర్తు పెట్టిన ఆమ్లాన్ని తెలిసినంత కలిపి, యంత్రంలో రెండు గీతల ఎత్తులూ పోల్చి, సరిగ్గా ఇలాగే లెక్క కడతారు.

ఆ లెక్కను చదివేవారు రేపు ఎవరు? ఇవాళ డిగ్రీ ప్రయోగశాలల్లో నిలబడి వున్న పిల్లలే. పైవారి రికార్డు చూసి తన రికార్డు నింపడం మాత్రమే నేర్చుకున్నవాడి చేతికి ఆ పసిబిడ్డ నెత్తురు చుక్క వెళ్ళడం ఏ తల్లికి ఇష్టం? మీ అబ్బాయో అమ్మాయో కాలేజీలో ఈ చదువు చదువుతూ వుంటే, ఎన్ని మార్కులు వచ్చాయని అడగండి, తప్పులేదు. దానితోపాటు, “ఆ సంగతి నిజమని నీకెలా తెలిసిందిరా?” అని గూడా ఒకసారి అడిగి చూడండి. కాగితం పెన్సిలు తెచ్చుకుని మీ పక్కన కూర్చుని 123లోంచి 105 తీసి చూపించారా, వాళ్ళ చదువుకు మీరు పెట్టిన ఖర్చు వృథా పోలేదన్నమాటే.